పదకొండో దిక్కు

పోయిన ఆదివారం మయూర్ విహార్‌లో ఒక తెలుగు మిత్రుడి గృహప్రవేశానికి మా అమ్మాయిని వెంటబెట్టుకుని బయల్దేరాను. ఆయన పంపిన చిరునామాలో పాకెట్ ఉంది, బ్లాక్ ఉంది, ఫ్లాట్ నంబరు ఉంది. లేనిదల్లా ఇల్లే. ఒకే పార్కు చుట్టూ మూడోసారి తిప్పాక ఆటోవాలా బండి ఆపి, "ఫేజ్ ఏదో మీరు చెప్పలేదు కదా సాబ్" అన్నాడు. మేం వెతుకుతున్నది మొదటి ఫేజ్‌లో. సత్యనారాయణ వ్రతం జరుగుతున్నది రెండో ఫేజ్‌లో. మేం చేరేసరికి కథ అయిదో అధ్యాయం కూడా ముగిసింది, పులిహోర గిన్నె అడుగు కనిపిస్తోంది.

"నాలుగింట్లో ఒక్కటి తగ్గితే ఇల్లే మాయమైపోతుందన్నమాట" అని తిరుగు ప్రయాణంలో నేను సణుక్కుంటున్నాను. మా అమ్మాయి మాత్రం ఉత్సాహంగా ఉంది. "అయితే ఢిల్లీ ఫోర్ డైమెన్షనల్ సిటీ నాన్నా" అంది.

తను ఏడో తరగతి. అవెంజర్స్ సినిమాలో లోకి అనే విలన్ ఎత్తుకుపోయే నీలం రంగు ఘనం ఒకటుంది కదా, దాని పేరు టెసరాక్ట్. ఆ మాటకు అర్థం వెతికితే 'నాలుగు డైమెన్షన్ల ఘనం' అని దొరికిందట. ఆ నాలుగోది ఎటు ఉంటుందని బళ్లో అడిగితే, అది సిలబస్‌లో లేదన్నారట. ఢిల్లీలో ఏ ప్రశ్న అయినా కింది కోర్టులో కొట్టేస్తే పై కోర్టుకు వెళ్తుంది. మా ఇంట్లో పై కోర్టు నేనే.

చిక్కేమిటంటే నేను ఎమ్మే చదివింది రాజనీతి శాస్త్రంలో. మా శాస్త్రానికి ఉన్న జ్యామితి మొత్తం ఒకే ఒక్క గీత. ఎడమ కొసన వామపక్షం, కుడి కొసన మితవాదం. 1789లో ఫ్రెంచి అసెంబ్లీలో ఎవరు ఎటు కూర్చున్నారన్నదాన్ని బట్టి గీసిన ఆ గీత మీదే రెండు శతాబ్దాలుగా మా పరీక్షలు, పీహెచ్‌డీలు, టీవీ చర్చలు నడిచిపోతున్నాయి. గీత మీద ఒక కొస నుంచి మరో కొసకు పోవాలంటే మధ్యలో ఉన్న ప్రతి బిందువునూ దాటాలి. అయితే ఢిల్లీకి దక్షిణంగా, ఇప్పటి పల్వల్ జిల్లా నుంచి ఎన్నికైన గయాలాల్ అనే హర్యానా ఎమ్మెల్యే 1967లో ఒకే పక్షంలో మూడుసార్లు పార్టీ మారారు. ఆయన మధ్యలో ఎక్కడా ఎవరికీ కనిపించలేదు. 'ఆయారాం గయారాం' అన్న మాట అలాగే పుట్టింది. ఇదెలా సాధ్యమో మా సిలబస్ చెప్పలేదు. జర్మన్ గణితవేత్త మోబియస్ 1827లోనే చెప్పాడు. నాలుగో డైమెన్షన్ గుండా ఒక్క తిప్పు తిప్పగలిగితే ఎడమ చేతి తొడుగు కుడి చేతి తొడుగైపోతుందట. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం రాసినవాళ్లు మోబియస్‌ను చదివినట్టు లేదు. చదివి ఉంటే ఆ దారి కూడా మూసేసేవాళ్లు.

సరే, విచారణ మొదలుపెట్టాం. డైమెన్షన్ అంటే ఏమిటి? ఎవరినైనా ఒకచోట కలుసుకోవాలంటే ఎన్ని సంగతులు చెప్పాలో అన్ని డైమెన్షన్లు. రాజీవ్ చౌక్ మెట్రో స్టేషన్‌లో కలుద్దామంటే మ్యాప్ మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కావాలి. అక్కడ ఎల్లో లైన్, బ్లూ లైన్ ఒకదాని కింద ఒకటి పోతాయి కాబట్టి ఏ అంతస్తో కూడా చెప్పాలి. మూడయ్యాయి. ఎన్ని గంటలకో చెప్పకపోతే ఆ మూడూ దండగ. జర్మనీలోని కొలోన్‌లో 1908లో ఇచ్చిన ఉపన్యాసంలో హెర్మన్ మింకోవ్‌స్కీ స్థలం వేరు, కాలం వేరు కావని, రెండూ కలిసిన నాలుగు డైమెన్షన్ల నేత ఒక్కటేనని చెప్పి పెద్దలందర్నీ ఆశ్చర్యపరిచాడు. ఢిల్లీవాళ్లకు అందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. ఇక్కడ నోయిడా ఎంత దూరమని అడిగితే ఎవరూ కిలోమీటర్లలో చెప్పరు. "నలభై నిమిషాలు" అంటారు. "సాయంత్రమైతే గంటన్నర" అని కలుపుతారు. 2016 జూలై 28న వాన పడి గుర్‌గావ్ హైవే మీద వాహనాలు రాత్రంతా నిలిచిపోయినప్పుడు, అదే రోడ్డు, అవే కిలోమీటర్లు. పెరిగింది నాలుగోదే. ఊరి పేరు గురుగ్రామ్‌గా మారుతున్న ఏడాది అది. జనం దానికి గురుజామ్ అని మరో నామకరణం చేసేశారు.

చిరునామాకు తేదీ కూడా ఉండాలన్నది ఇక్కడి లెక్క. ఔరంగజేబ్ రోడ్డు 2015లో అబ్దుల్ కలాం రోడ్డయింది. రేస్ కోర్స్ రోడ్డు 2016లో లోక్ కళ్యాణ్ మార్గ్ అయింది. రాజ్‌పథ్ 2022లో కర్తవ్య పథ్ అయింది. మన తెలుగువాళ్ల సంగతే తీసుకోండి. అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్ క్యాంటీన్‌లో అదే బల్ల ముందు కూర్చుని అదే గోంగూర పచ్చడి కలుపుకున్నా, అది 2014 జూన్ 2కు ముందా తర్వాతా అన్నదాన్ని బట్టి పక్కన కూర్చున్నాయన మన రాష్ట్రంవాడో పొరుగు రాష్ట్రంవాడో తేలుతుంది.

ఇంతటితో కేసు కొట్టేయవచ్చనుకున్నాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "టైము దిక్కెలా అవుతుంది? ముందుకు పోతాం గానీ వెనక్కి రాలేం కదా" అంది. మింకోవ్‌స్కీ కూడా ఈ మాటకు తలూపి ఉండేవాడు. ఆయన లెక్కలో మూడు దూరాల వర్గాలకూ ఒక గుర్తు పెడితే, కాలం వర్గానికి దానికి వ్యతిరేకమైన గుర్తు పెట్టాలి. కాలం ఈ ఇంట్లో అద్దెకున్న మనిషే గానీ సొంత మనిషి కాదు. కన్నాట్ ప్లేస్ పక్కన జంతర్ మంతర్‌కు తీసుకెళ్లి చూపించాను. సవాయ్ జైసింగ్ 1724లో కట్టించిన ఆ యంత్రాల్లో దాదాపు 70 అడుగుల సామ్రాట్ యంత్రం ఒక పెద్ద త్రికోణం. దాని ఏటవాలు అంచు భూమి అక్షానికి సమాంతరంగా ఉంటుంది. ఆ అంచు నీడ పక్కనున్న వంపు గోడ మీద పాకుతూ పోతుంటే గంటలు, నిమిషాలు చెప్పుకోవచ్చు. అంటే కాలాన్ని పొడవుగా మార్చి కొలిచే యంత్రం. ఆ పక్క వీధిలో ధర్నా చేసేవాళ్లను అడిగితే కాలం కదలనే కదలదంటారు, అది వేరే విషయం. "బాగుంది గానీ ఇది కూడా టైమే" అని మా అమ్మాయి తీర్పు చెప్పింది. తనకు కావలసింది అసలు సిసలు నాలుగో దిక్కు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటికీ లంబంగా ఉండేది.

మన పెద్దలు దిక్కులు పది అన్నారు. నాలుగు దిక్కులు, నాలుగు మూలలు, పైన, కింద. మూడు డైమెన్షన్లున్న లోకానికి ఆ పదీ సరిపోతాయి. నాలుగోది కావాలంటే పదకొండో దిక్కు, దానికి ఎదురుగా పన్నెండో దిక్కు ఉండాలి. చార్లెస్ హోవార్డ్ హింటన్ అనే ఇంగ్లండు పెద్దమనిషి వాటికి పేర్లు కూడా పెట్టాడు: 'అనా', 'కటా'. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని గోడలు పడగొట్టించే మన వాస్తు పండితులకు ఈ సంగతి ఇంకా తెలియలేదు. తెలిస్తే హైదరాబాద్‌లో సగం ఇళ్లు మళ్లీ కట్టాలి.

కనిపించని దిక్కును ఊహించడానికి ఒక ఉపాయం ఉంది. ఒక మెట్టు కిందికి దిగి చూడటం. ఎడ్విన్ అబాట్ అనే స్కూలు హెడ్మాస్టరు 1884లో 'ఫ్లాట్‌ల్యాండ్' అనే చిన్న నవల రాశాడు. ద్వారకా, నోయిడాల్లో ఉంటున్నవాళ్లు ఇది తమ గురించే అనుకోవచ్చు గానీ, అది కాగితంలా పలచని లోకం. కథ చెప్పేది ఒక చతురస్రం. ఎత్తు అనేది ఒకటుందని ఎవరికీ తెలియని ఆ లోకంలోకి ఒకరోజు గోళం వస్తుంది. దాన్ని బోండా అనుకోండి. బోండా కాగితాన్ని తాకినప్పుడు ఆ లోకంవాళ్లకు చుక్క కనిపిస్తుంది. కాగితంలోంచి దిగుతుంటే చుక్క వృత్తమవుతుంది, పెరుగుతుంది, మళ్లీ తగ్గి చుక్కయి మాయమవుతుంది. బోండా ఎక్కడికీ పోలేదు, పైనుంచి కిందికి దిగిందంతే. అలాగే నాలుగు డైమెన్షన్ల ఘనం, అదే టెసరాక్ట్, మూల ముందుకు పెట్టి మన డ్రాయింగ్ రూంలోకి వస్తే మొదట గాలిలో ఒక చుక్క. తర్వాత నాలుగు త్రికోణాల చతుర్ముఖి. అది పెరిగి, మూలలు తెగి, సరిగ్గా సగం దాటేటప్పుడు ఎనిమిది త్రికోణాల అష్టముఖి అవుతుంది. ఆ తర్వాత అంతా వెనక్కి. మనకు కనిపించేవి ముక్కలే, వస్తువు కాదు.

నవలలో చతురస్రం కూడా ఎత్తు సంగతి అర్థం చేసుకుని, ఉత్సాహం పట్టలేక, మరి నాలుగోది మాటేమిటని గోళాన్నే అడుగుతుంది. గోళానికి కోపం వస్తుంది. అలాంటిదేమీ లేదు పొమ్మంటుంది. ఇంటికొచ్చి మూడో డైమెన్షన్ గురించి ప్రచారం చేసినందుకు చతురస్రాన్ని జైల్లో వేస్తారు. ఇక్కడిదాకా విని మా అమ్మాయి నావంక అదోలా చూసింది. సిలబస్‌లో లేదన్నది నేను కాదని గుర్తుచేశాను.

నాలుగో దిక్కు ఉంటే ఢిల్లీకి వచ్చే లాభాలు చూడండి. చాందినీ చౌక్ వెనక గల్లీల్లో తలెత్తితే ఆకాశం బదులు వైర్లు కనిపిస్తాయి. వాటి చిక్కు తీయడం మానవ మాత్రుడి వల్ల కాదు. నాలుగు డైమెన్షన్లలో మాత్రం తాడుకు ముడి పడదు. ఎంత చిక్కు పడినా ఒక పోగును పదకొండో దిక్కుకు కాస్త జరిపి, రెండోదాని పక్కనుంచి తప్పించి వెనక్కి తెస్తే సరి. ఇది వట్టి కబురు కాదు, నిరూపితమైన గణితం. దీన్ని నమ్ముకునే లైప్‌జిగ్ ప్రొఫెసర్ సోల్నర్ నిండా మునిగాడు. హెన్రీ స్లేడ్ అనే అమెరికా 'ఆత్మల' మాంత్రికుడు 1877లో ఆయన ముందు, రెండు కొసలూ కలిపి సీలు వేసిన తాడుకు ముడులు వేసి చూపించాడు. ఆత్మలు నాలుగో డైమెన్షన్‌లో ఉంటాయనడానికి ఇదే రుజువని ప్రొఫెసర్ పుస్తకమే రాసేశాడు. అంతకు ముందు ఏడాదే స్లేడ్ లండన్‌లో మోసం కేసులో దోషిగా తేలి, సాంకేతిక కారణంతో బయటపడిన మనిషి. పెద్ద చదువులవాళ్లు బాబాల కాళ్ల మీద పడటం మన దేశానికే ప్రత్యేకం అనుకునేవాళ్లు ఈ కథ గుర్తుంచుకోవాలి.

అసలు లాభం మాత్రం బిల్డర్లకు. టెసరాక్ట్‌కు 16 మూలలు, 32 అంచులు, 24 చతురస్రాలు, చుట్టూ గోడల్లా 8 ఘనాలు ఉంటాయి. రాబర్ట్ హైన్‌లైన్ 1941లో రాసిన ఒక కథలో లాస్ ఏంజెలస్ ఆర్కిటెక్టు ఎనిమిది గదుల ఇల్లు ఇలాగే కడతాడు. రాత్రి భూకంపం వచ్చి ఇల్లు నాలుగో దిక్కుకు ముడుచుకుపోతుంది. తెల్లారి చూస్తే బయటికి ఒక్క గదే కనిపిస్తుంది, లోపల మాత్రం ఎనిమిదీ ఉంటాయి. ఒక గది జాగాలో ఎనిమిది గదులు! 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో మున్సిపల్ కార్పొరేషన్ వాళ్లు తాళాలు, లక్క పట్టుకుని ఢిల్లీ దుకాణాలకు సీళ్లు వేసుకుంటూ తిరిగిన రోజుల్లో ఈ పరిజ్ఞానం ఉండి ఉంటే ఎన్ని అదనపు అంతస్తులు పదకొండో దిక్కున క్షేమంగా ఉండేవో. మా మిత్రుడి ఫ్లాట్ చూశాక ఆయనకూ ఇదే చెప్పాలనిపించింది. రెండు పడక గదులన్నారు గానీ, రెండోది ఏ డైమెన్షన్‌లో ఉందో నాకు అర్థం కాలేదు.

ఇంతవరకూ నవ్వులాటే. ఈ వెతుకులాటలో దొరికిన ఒక మనిషి కథ మాత్రం నన్ను వదల్లేదు. అది మన తెలంగాణ అడవుల్లోంచి మొదలవుతుంది.

దేశాన్ని త్రికోణాలుగా కోసి కొలుస్తున్న విలియం లాంబ్టన్ దగ్గర 1818 చివర్లో హైదరాబాద్‌లో ఒక కుర్ర అధికారి చేరాడు. పేరు జార్జ్ ఎవరెస్ట్. ఇంటిపేరును వాళ్లింట్లో 'ఈవ్‌రెస్ట్' అనేవారట. ప్రపంచం మొత్తం తప్పు పలుకుతోంది గనుక ఇప్పుడు దిద్దినా లాభం లేదు. మరుసటి ఏడాది వానాకాలంలో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ ఆయనా, ఆయన సిబ్బందీ జ్వరంతో కుప్పకూలారు. కోలుకోవడానికి ఆయన్ని దక్షిణాఫ్రికా కొసన కేప్‌కు పంపారు. తర్వాత సర్వేయర్ జనరల్ అయ్యాడు. శిఖరానికి ఆయన పేరు 1865లో పెట్టారు. ఆయన సోదరుడి కూతురు మేరీ. ఆమె పెళ్లాడింది జార్జ్ బూల్‌ను. ఏ 'బూలియన్' పేరు చెప్పి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు లక్షల మందిని అమెరికా పంపాయో, ఆ బూలే. వాళ్ల అయిదుగురు ఆడపిల్లల్లో మూడోది ఎలీసియా, 1860లో పుట్టింది. నాలుగేళ్లకే తండ్రి పోయాడు. ఇంట్లో డబ్బు లేదు. ఆడపిల్లకు కాలేజీ చదువు లేదు.

ఆ ఇంటికి వచ్చాడు మన 'అనా కటా' హింటన్. బూల్ పెద్దమ్మాయిని 1880లో పెళ్లి చేసుకున్నాడు. 'టెసరాక్ట్' అన్న మాట 1888లో పుట్టించింది ఆయనే. 81 రంగురంగుల చెక్క ఘనాలను రకరకాలుగా పేర్చి, వాటి రంగులు, పేర్లు కంఠతా పడితే నాలుగో డైమెన్షన్ మనసుకు కనిపిస్తుందన్నది ఆయన వాదన. ఒక భార్య ఉండగానే మరో పేరుతో మరో ఆమెను పెళ్లి చేసుకుని 1886లో మూడు రోజులు జైల్లో కూడా ఉన్నాడు. ఒకే మనిషి ఒకే సమయంలో రెండు ఇళ్లలో ఉండటానికి నాలుగో దిక్కు పనికిరాదని అలా రుజువైంది. ఉద్యోగం పోయి జపాన్ వెళ్లాడు, అక్కణ్నుంచి అమెరికా వెళ్లి ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెబుతూ తుపాకీ మందుతో బేస్‌బాల్ బంతులు విసిరే యంత్రం తయారు చేశాడు.

ఆయన చెక్క ముక్కలు చూసి ఆ ఇంట్లో చాలామంది నవ్వుకుని ఉంటారు. పద్దెనిమిదేళ్ల ఎలీసియా మాత్రం వాటితో ఆడుతూ ఆడుతూ ఆయన్నే దాటిపోయింది. మామూలు లోకంలో అన్ని ముఖాలూ, అన్ని మూలలూ ఒకేలా ఉండే ఘనరూపాలు అయిదే అయిదు. నాలుగో డైమెన్షన్‌లో అలాంటివి ఆరు ఉంటాయని ఎవరి సాయమూ లేకుండా తనే కనిపెట్టింది. స్విట్జర్లాండ్‌లో ష్లాఫ్లీ అనే పండితుడు 1852కే ఈ సంగతి తేల్చాడని, ఆయన రాసింది సరిగ్గా అచ్చుకాక మూలన పడి ఉందని ఆమెకు తెలియదు. (అయిదో డైమెన్షన్ నుంచి పైకి ఎంత పోయినా మూడే ఉంటాయి. మూడో డైమెన్షన్ నుంచి పైకి చూస్తే నాలుగోదే అన్నిటికంటే సంపన్నమైనది. ఎందుకని నన్నడక్కండి, నాది రాజనీతి శాస్త్రం.) 1890లో ఒక ఇన్సూరెన్సు గణికుణ్ని పెళ్లాడి, ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, అట్ట ముక్కలు కత్తిరించి అతుకుతూ కూర్చుంది. 600 చతుర్ముఖులు అతికితే వచ్చే ఒక నాలుగు డైమెన్షన్ల రూపం ఉంది. అది మన లోకంలోంచి దాటిపోతుంటే బోండా లాగే వరసగా ఏయే ముక్కలు కనిపిస్తాయో అట్టతో చేసి రంగులు వేసింది.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీలో షూట్ అనే ప్రొఫెసరు ఇవే ముక్కల్ని కాగితం మీద లెక్కలు కట్టి సాధించాడు. ఎలీసియా తన అట్టబొమ్మల ఫోటోలు ఆయనకు పంపింది. ఆయన లెక్కలూ, ఈమె అట్టలూ సరిగ్గా సరిపోయాయి. ఒకరు సూత్రాలతో నడిచి చేరిన చోటికి మరొకరు చూసి చేరారు. అప్పట్నుంచి వేసవి సెలవుల్లో ఆయన ఇంగ్లండు వచ్చి ఆమెతో కలిసి పనిచేసేవాడు. ఆమె వ్యాసాలను ఆమ్‌స్టర్‌డామ్ అకాడమీ 1900లో, 1910లో అచ్చువేసింది. 'పాలిటోప్' అనే మాటను ఇంగ్లిష్‌లోకి తెచ్చింది కూడా ఆమే. కాలేజీ గడప తొక్కని ఆమెకు 1914లో గ్రోనింగెన్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. షూట్ ముందు ఏడాదే పోయాడు. ఆమె పట్టా అందుకోవడానికి వెళ్లలేదు. మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది. డెబ్బై ఏళ్ల వయసులో, కాక్సెటర్ అనే ఇరవై మూడేళ్ల కేంబ్రిడ్జి కుర్రాడు పరిచయమయ్యాకే మళ్లీ అట్టలు బయటికి తీసింది. ఆ కుర్రాడు తర్వాత ఆ శతాబ్దపు పెద్ద జ్యామితి పండితుల్లో ఒకడయ్యాడు. ఆమె 1940లో పోయింది.

ఇదంతా చెబుతుంటే మా అమ్మాయి ఎవరెస్ట్ దగ్గర కూడా ఆగలేదు, డాక్టరేట్ దగ్గర కూడా ఆగలేదు. "అట్టతోనే చేసిందా?" అని రెండుసార్లు అడిగింది.

ఆన్‌లైన్ షాపింగ్ పుణ్యమా అని మా ఇంట్లో అట్టకు కరువు లేదు. మామూలు ఘనాన్ని విప్పితే ఆరు చతురస్రాల శిలువ ఆకారం వస్తుంది. టెసరాక్ట్‌ను విప్పితే ఎనిమిది ఘనాల శిలువ వస్తుంది. నిలువుగా నాలుగు, పక్కలకు నాలుగు. సాల్వడార్ డాలీ 1954లో క్రీస్తు బొమ్మ గీసింది దీని మీదే. ఎనిమిది డబ్బాలు అతకడానికి మాకు రెండు సాయంత్రాలు, ఒక ఫెవికాల్ డబ్బా, భోజనాల బల్ల ఎందుకు ఖాళీగా లేదన్న విషయమై ఒక కుటుంబ వివాదం అయ్యాయి. తయారయ్యాక తను దాన్ని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక కొస పట్టుకుని వంచబోయింది.

"ఇప్పుడు ఎటు మడవాలి నాన్నా?"

పై కోర్టు తీర్పు వాయిదా వేసింది. ఆ శిలువ ఇప్పుడు మా హాల్లో ఫ్యాను కొక్కేనికి వేలాడుతోంది. అందుకని ఫ్యాను లేదు. మా ఆవిడ దానికి పరిష్కారం అడుగుతోంది. ఆ ఆరు రూపాల్లో ఒకటి, 24 అష్టముఖులతో అయ్యేది, మరే డైమెన్షన్‌లోనూ దానికి సాటి రూపం లేదని మా అమ్మాయి ఎక్కడో చదివింది. ఇప్పుడు అవి చేస్తోంది. నిన్న రాత్రికి ఏడు పూర్తయ్యాయి.